గుర్రానికి రోజువారీ మాలీషు: వెటర్నరీ విద్యార్థి ఎలా చేయాలి

మన దగ్గర వెటర్నరీ కాలేజీలో చేరేవాళ్లలో చాలామంది ఆవులు, గేదెలు, మేకల మధ్య పెరిగినవాళ్లు. దూడను పట్టుకోవడం, గేదె పొదుగు కడగడం వాళ్లకు చిన్నప్పటి అలవాటు. గుర్రాన్ని మాత్రం దగ్గరగా చూసేది చదువులో భాగంగా గుర్రపుశాలకు వెళ్లిన రోజునే. అక్కడ స్టెతస్కోపు కంటే ముందు చేతికి బ్రష్షు ఇస్తారు. "ఇది గుర్రాలను చూసుకునే సైసులు చేసే పని కదా, మాకెందుకు?" అని కొందరు చిన్నబుచ్చుకుంటారు. ఆ బ్రష్షు కోసమే ఇదంతా రాస్తున్నాను. మాలీషు అంటే బ్రష్షుతో ఒళ్లు దులిపి శుభ్రం చేయడం. అది చేసే అరగంటలో గుర్రం ఒళ్లంతా మీ అరచేతి కిందకు వస్తుంది. వాపు, వేడి, నొప్పి, పుండు, పిడుదు, కండ తగ్గడం, వీటిలో ఏది మొదలైనా ముందు అక్కడే తెలుస్తుంది. బాగున్న కాలును వంద సార్లు తడిమిన చేతికే నూట ఒకటోసారి తేడా పట్టుబడుతుంది.

ఇక్కడ చెప్పే వరుస శాలలో కట్టి పెంచే గుర్రాలకు సరిపోతుంది. మలక్‌పేట రేసుకోర్సులో పరిగెత్తే గుర్రమైనా, పోలీసు గుర్రమైనా, పెళ్లి ఊరేగింపుల్లో పెళ్లికొడుకును మోసే గుర్రమైనా పెద్ద తేడా ఉండదు.

దగ్గరకు వెళ్లడం

చెప్పులతో శాలలోకి వెళ్లకండి. వేళ్లు పూర్తిగా మూసి ఉండే గట్టి బూట్లు కావాలి. సుమారు 450 కిలోల బరువు ఒక గిట్ట మీదుగా మీ పాదం మీద పడితే వేళ్లు నలిగిపోతాయి. వేలాడే చున్నీ, ఉంగరాలు, గాజులు తీసేయండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకోండి.

గేదెల దగ్గర నేర్చుకున్న అలవాటొకటి ఇక్కడ ప్రమాదం. ఆవు, గేదె ఎక్కువగా కాలును ముందుకు తెచ్చి పక్కకు తిప్పి తన్నుతాయి. అందుకే వాటి వెనక నిలబడటానికి మనం అంతగా భయపడం. గుర్రం నేరుగా వెనక్కి తన్నుతుంది. పైగా తోక వెనక సరిగ్గా మధ్యలో ఉన్నదేదీ దానికి కనిపించదు. నుదుటికి మరీ దగ్గరగా ఉన్నదీ కనిపించదు. కనిపించని చోటు నుంచి చేయి తగిలితే పులి మీద పడిందన్నట్టే ఉలిక్కిపడుతుంది. అది దాని స్వభావం, పొగరు కాదు.

కాబట్టి ముందుగా మాట్లాడండి. ఏ భాషైనా పర్వాలేదు, గొంతు నెమ్మదిగా ఉంటే చాలు. ఎడమ భుజం వైపు నుంచి, కొంచెం ఏటవాలుగా వెళ్లండి. గుర్రాలకు ఎడమ పక్క నుంచే మనుషులను చూసే అలవాటు ఉంటుంది. చెవులు మీ వైపు తిరిగాక చేయి చాపి మొదట మూపు మీద వేయండి. ముఖం మీద వద్దు. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్లతో గోక్కునేది మూపు దగ్గరే. అక్కడ గోకితే వాటి గుండె వేగం తగ్గుతుందని పరిశోధకులు కొలిచి చూశారు. మెడ మీద టపటపా కొట్టడం మనకు ముద్దుగా అనిపిస్తుంది గానీ, గుర్రానికి హాయి ఇచ్చేది నెమ్మదిగా గోకడమే.

చెవులు వెనక్కి అతుక్కుపోయినా, తోక విసురుగా ఆడించినా, పిరుదులు మీ వైపు తిప్పినా ఆగిపోండి. పక్కనున్న సైసును పిలవండి. ఆ గుర్రంతో ఏళ్లు గడిపిన మనిషికి తెలిసింది ఏ పుస్తకంలోనూ ఉండదు. అడిగితే చెప్తారు, గౌరవంగా అడగండి.

కట్టడం

తలకు హాల్టర్ (తాడు తగిలించే పట్టీ) వేసి, తాడును మూపు ఎత్తులో గానీ, అంతకు కొంచెం పైన గానీ కట్టండి. మధ్యలో దాదాపు ఒక చేయి పొడవు వదలండి. ఎక్కువ వదిలితే ముందుకాలు తాడులో చిక్కుకుంటుంది. ముడి ఒక్క లాగుతో ఊడిపోయేది కావాలి. తాడును నేరుగా ఇనుప కమ్మీకి కాకుండా, కమ్మీకి కట్టిన పురికొస ఉంగరానికి కడితే ఇంకా మంచిది. గుర్రం బెదిరి వెనక్కి లాగితే పురికొస తెగుతుంది, మెడకు దెబ్బ తగలదు. తాడును ఎప్పుడూ మీ చేతికి చుట్టుకోకండి.

మెడ కింద నుంచి, పొట్ట కింద నుంచి దూరి అటువైపు వెళ్లకండి. వెనక నుంచి వెళ్లాల్సి వస్తే ఒంటిని ఆనుకుని, పిరుదు మీద చేయి తీయకుండా, మాట్లాడుతూ వెళ్లండి. లేదంటే తన్నుకు అందనంత దూరం నుంచి వెళ్లండి. తన్నుకు సరిగ్గా అందే దూరంలో నడవడమే అన్నిటికంటే ప్రమాదం.

ముట్టుకునే ముందు చూడాల్సినవి

బ్రష్షు పట్టుకోకముందు రెండు నిమిషాలు ఊరికే చూడండి. రాత్రి ఎంత లద్దె వేసింది? బాగున్న గుర్రం రోజుకు సుమారు 6 నుంచి 10 సార్లు వేస్తుంది. తెల్లారేసరికి పడక శుభ్రంగా కనిపిస్తే సంతోషించకండి. కడుపునొప్పి మొదలయిందేమో చూడండి. నీళ్లు ఎంత తాగింది? దాణా మిగిల్చిందా? ఒక వెనక కాలు వదులుగా పెట్టి నిలబడటం మామూలే, అది విశ్రాంతి. ముందుకాలు ఒకటి ముందుకు చాపి దానిపై బరువు వేయకపోతే మాత్రం అనుమానించాలి.

తర్వాత కొలతలు. మాలీషుతో ఒళ్లు కదిలాక తీసుకుంటే అంకెలు మారతాయి కాబట్టి ముందే తీసుకోండి. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రానికి ఊపిరి నిమిషానికి 8 నుంచి 16, నాడి 28 నుంచి 44, ఉష్ణోగ్రత 99 నుంచి 101 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉంటాయి. నాడిని దవడ ఎముక కింది అంచు మీదుగా వెళ్లే రక్తనాళం దగ్గర రెండు వేళ్లతో పట్టండి. థర్మామీటరుకు దారం కట్టి, దారం చివర క్లిప్పు పెట్టి తోక వెంట్రుకలకు తగిలించండి. పక్కన నిలబడి, తోకను పక్కకు తీసి మలద్వారంలో పెట్టండి. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. లేత గులాబీ రంగులో, తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి.

గిట్టలు

మొత్తం పనిలో ఏదైనా ఒక్కటే చేసే టైమ్ ఉంటే గిట్టలే శుభ్రం చేయండి. ఒళ్లు ఒకరోజు దుమ్ముతో ఉన్నా గుర్రానికి ఏమీ కాదు. గిట్టలో ఇరుక్కున్న కంకరరాయిని ఒకరోజు వదిలేస్తే కుంటుతుంది.

ముందుకాలు ఎత్తడానికి భుజం పక్కన, తోక వైపు తిరిగి నిలబడండి. భుజం మీద చేయి పెట్టి కాలు వెనక భాగం వెంబడి కిందకు జార్చండి. గిట్టకు పైనుండే ఫెట్‌లాక్ కీలుకు కొంచెం పైన, వెనక నరంలా తగిలే స్నాయువును మెల్లగా నొక్కి "ఎత్తు" అనండి. ఎత్తకపోతే మీ భుజంతో దాని భుజాన్ని కొద్దిగా నెట్టండి. బరువు అవతలి కాలి మీదకు మారగానే ఇది తేలికవుతుంది. వెనక కాలికి కూడా తోక వైపే తిరిగి, చేతిని పిరుదు నుంచి తొడ మీదుగా, హాక్ (వెనక కాలి మధ్యలో ఉండే పెద్ద కీలు) దాటించి కిందకు తీసుకురండి. కాలును ముందు కాస్త ముందుకు రానిచ్చి, తర్వాత వెనక్కి చాపి మీ తొడ మీద ఆనించుకోండి. పక్కకు లాగకండి, తుంటి కీలుకు నొప్పి. నేల మీద మోకాళ్లు ఆనించి కూర్చోకండి. పారిపోవాల్సి వస్తే లేచే వ్యవధి ఉండదు. నడుం వంచి గానీ, గొంతుక్కూర్చుని గానీ పని చేయండి.

గిట్టను తిప్పి చూస్తే మడమ వైపు నుంచి మొన వైపు సన్నబడుతూ వచ్చే మెత్తని త్రికోణం కనిపిస్తుంది. దాన్ని ఫ్రాగ్ అంటారు. దానికి రెండు పక్కలా, మధ్యలో లోతైన గాళ్లు ఉంటాయి. గిట్ట శుభ్రం చేసే కొక్కెం, అంటే హూఫ్ పిక్‌ను మడమ నుంచి మొన వైపు నడపండి. అటు నుంచి ఇటు లాగితే జారి మడమ మెత్తని భాగంలో గుచ్చుకుంటుంది, లేదా మీ చేతికి తగులుతుంది. గాళ్లలో పేరుకున్న లద్దె, మట్టి అంతా తీయండి. ఫ్రాగ్‌ను మాత్రం తవ్వకండి. చివర గట్టి బ్రష్షుతో దులిపి, వెలుతురులో మళ్లీ చూడండి.

వాసన కూడా చూడండి. గాళ్లలో నల్లని జిగురు, ఒకసారి పీలిస్తే మర్చిపోలేని కుళ్లు కంపు ఉంటే అది థ్రష్. ఫ్యూసోబ్యాక్టీరియం నెక్రోఫోరమ్ లాంటి, గాలి తగలని చోట పెరిగే బ్యాక్టీరియా దీనికి కారణం. తడి పడక, రోజూ శుభ్రం చేయని గిట్ట దానికి ఇల్లు. మందు ఏది రాయాలో మీ డాక్టరు గారు చెప్తారు. పడక ఆరకపోతే మాత్రం ఏ మందూ పనిచేయదు. మన వానాకాలంలో ఇది పదే పదే కనిపిస్తుంది.

లాడం కొట్టి ఉంటే వేలితో కదిపి చూడండి. మేకుల కొసలు గిట్ట గోడ మీద పైకి లేచాయా, లాడం పక్కకు జరిగిందా? సాధారణంగా 6 నుంచి 8 వారాలకొకసారి లాడాలు కొట్టే నాల్‌బంద్ వచ్చి గిట్ట చెక్కి లాడం మార్చాలి. పాత లాడం ఇంకా అరగలేదని ఆ గడువు దాటించే యజమానులు ఉంటారు. లాడం అరగకపోయినా లోపల గిట్ట పెరుగుతూనే ఉంటుందని వాళ్లకు చెప్పండి.

గిట్టలో మేకు దిగి ఉంటే వెంటనే లాగేయాలని చేయి ఆరాటపడుతుంది. ఆగండి. కాలు నేల మీద ఆనకుండా చూస్తూ సీనియర్‌ను పిలవండి. మేకు లోపల ఉండగా ఎక్స్‌రే తీస్తే అది ఎంత లోతుకు, ఏ వైపు వెళ్లిందో స్పష్టంగా తెలుస్తుంది. లాగేశాక రంధ్రం మూసుకుపోతుంది, దారి దొరకదు. ఫ్రాగ్ ప్రాంతంలో దిగిన మేకు లోపలి కీలును, స్నాయువును తాకి ఉండవచ్చు. ఇంకా నిలిపి ఉంచితే లోతుకు దిగేలా ఉంటే, గుచ్చుకున్న చోటు, కోణం ఫోన్‌లో ఫొటో తీసి, గుర్తు పెట్టి అప్పుడు తీస్తారు. గుర్రాలకు ధనుర్వాతం చాలా తేలిగ్గా వస్తుంది. టీకా ఎప్పుడు వేశారో అదే రోజు అడిగి తెలుసుకోండి.

కాలు దించే ముందు ఒక్క పని. ఫెట్‌లాక్ వెనక రెండు పక్కలా వేళ్లు పెట్టి అక్కడి నాడి పట్టండి. బాగున్న గుర్రంలో అది దొరకడమే కష్టం. టంగుటంగున కొట్టుకుంటూ ఉంటే, గిట్ట కూడా వేడిగా ఉంటే, గిట్టలో చీము గానీ లామినైటిస్ (గిట్ట లోపలి పొరల వాపు) గానీ మొదలై ఉండవచ్చు. దొరకని నాడిని రోజూ వెతకడం మొదట్లో వృథా అనిపిస్తుంది. మానకండి.

ఒంటికి మాలీషు

వ్యాయామం తర్వాత, చెమట ఆరాక చేస్తే చర్మం వదులై చుండు, దుమ్ము తేలిగ్గా పైకి వస్తాయి. పొద్దున పనికి ముందు పైపైన దులిపితే చాలు. జీను పడే చోట మాత్రం ఒక్క ఇసుక రేణువు కూడా మిగలకూడదు.

ముందు రబ్బరు కర్రీ కోంబ్, అంటే పళ్లున్న రబ్బరు దువ్వెన. మెడ పైనుంచి మొదలుపెట్టి గుండ్రంగా తిప్పుతూ భుజం, వీపు, పక్కటెముకలు, పిరుదుల వరకు రండి. కండ ఉన్న చోట కాస్త నొక్కండి. ఎముక పైకి తేలే చోట, ముఖం మీద, మోకాలి కింద అసలు వాడకండి. అక్కడ చర్మం కింద కండ ఉండదు, నొప్పి పుడుతుంది. ఇనుప దువ్వెనను గుర్రం మీద వాడటం చాలాచోట్ల చూస్తాం. అది బ్రష్షులో చిక్కిన దుమ్ము దులపడానికి ఉద్దేశించిన వస్తువు. చర్మం మీద గీకితే గీరుకుపోతుంది.

తర్వాత గట్టి కుచ్చుల బ్రష్షుతో, వెంట్రుక పడుకున్న వైపుకే, మణికట్టు విసురుతో దుమ్ము ఎగరగొట్టండి. ఆ తర్వాత మెత్తని బాడీ బ్రష్షు. ఎడమ పక్క చేసేటప్పుడు బ్రష్షు ఎడమచేతిలో, కుడి పక్కకు కుడిచేతిలో పట్టుకోండి. చేయి చాపినంత దూరంలో నిలబడి, ఒంటి బరువు చేతి మీదుగా వేసి పొడవుగా లాగండి. నాలుగైదు లాగులకొకసారి బ్రష్షును ఇనుప దువ్వెనకు గీసి దులపండి.

ఇక్కడ ఒక అలవాటు చేసుకోండి. బ్రష్షు ఒక చేతిలో ఉంటే రెండో చేయి, ఖాళీ అరచేయి, దాని వెనకే నడవాలి. బ్రష్షు నడిచిన చోటంతా అరచేయి తడమాలి. కంటికి కనిపించని పొక్కు, చర్మం కింద గడ్డ, ఒక పక్క మాత్రమే ఎక్కువ వేడి, ఇవన్నీ చేతికే తెలుస్తాయి. వీపు మీద ఒకచోట నొక్కినప్పుడు గుర్రం ప్రతిసారీ కిందకు వంగిపోతే జీను సరిపడటం లేదేమో చూడాలి. జీను బిగించే పట్టీ పడేచోట, మోచేతి వెనక, ముందుకాళ్ల సందులో చర్మం ఒరిసిపోతుంది. అక్కడ వేళ్లతో విడదీసి చూడండి. వానల్లో వీపు మీద, పిరుదుల మీద వెంట్రుకలు కుచ్చులుగా అంటుకుని, లాగితే పక్కుతో సహా ఊడి వస్తుంటే డెర్మటోఫైలస్ అనే బ్యాక్టీరియా పని కావచ్చు. ఆ పక్కులను బలవంతంగా పీకకండి.

జూలు, తోక వెంట్రుకలను కింది కొసల నుంచి మొదలుపెట్టి పైకి విడదీయాలి. తోక దువ్వేటప్పుడు పక్కన నిలబడి తోకను మీ వైపు తెచ్చుకోండి. చిక్కులు ముందు వేళ్లతోనే తీయండి. తెగిన తోక వెంట్రుక మళ్లీ పెరగడానికి చాలా కాలం పడుతుంది, అంతవరకు ఈగలు తోలుకునే ఆయుధం దానికి తక్కువే.

కళ్లు, ముక్కు, తోక కింద

శుభ్రమైన నీళ్లలో తడిపిన దూది తీసుకోండి. కంటి లోపలి మూల నుంచి బయటకు ఒక్కసారి తుడిచి ఆ దూదిని పారేయండి. రెండో కంటికి కొత్త దూది. నీరు కారుతూ సగం మూసుకున్న కన్ను శుభ్రం చేసి వదిలేసే విషయం కాదు. గుర్రం కన్ను పాడవడానికి గంటలు చాలు, అప్పటికప్పుడే డాక్టరు గారికి చెప్పండి. ముక్కు రంధ్రాలు వేరే దూదితో, తోక కింద మరో దూదితో. ఒకే స్పాంజిని అన్నిటికీ వాడే అలవాటు పూర్తిగా మానాలి.

తోక మొదట్లో వెంట్రుకలు విరిగి చీపురులా నిలబడి ఉంటే గుర్రం గోడకు రుద్దుకుంటోందని అర్థం. ఆక్సియూరిస్ అనే పిన్‌వార్మ్ మలద్వారం చుట్టూ గుడ్లు పెడితే దురద పుడుతుంది. పారదర్శకమైన టేపు అంటించి తీసి మైక్రోస్కోపు కింద చూడటం మీరే చేయగల పరీక్ష. సన్నదోమల కాటుకు అలర్జీ వచ్చినా ఇలాగే రుద్దుకుంటుంది. అప్పుడు జూలు దగ్గర కూడా ఊడిపోయి కనిపిస్తుంది.

మగ గుర్రాల్లో మర్మాంగం చుట్టూ ఉండే తొడుగులో మడ్డి చేరుతుంది. దాన్ని రోజూ కడగనక్కర్లేదు. కడగకూడదు కూడా. సబ్బులు, డెటాల్ లాంటివి పదే పదే వాడితే అక్కడ సహజంగా ఉండే మంచి సూక్ష్మజీవులు పోయి, సూడోమొనాస్, క్లెబ్సియెల్లా లాంటివి చోటు చేసుకుంటాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు, అవసరమైతేనే, గోరువెచ్చని నీళ్లతో, గ్లవ్స్ వేసుకుని చేస్తారు. మూత్రనాళం కొస పక్కన గుంటలో మడ్డి గట్టిపడి చిక్కుడుగింజలా తయారవుతుంది. మూత్రం సన్నగా, ఆగి ఆగి వస్తుంటే దాన్ని వెతకాలి. అనుభవం ఉన్నవాళ్లు పక్కన లేకుండా ఈ పని చేయకండి. ఆడ గుర్రాల్లో పొదుగు రెండు భాగాల మధ్య జిడ్డు పేరుకుంటుంది, తడి గుడ్డతో తుడిస్తే చాలు.

నీళ్లు పోయడం

రోజూ షాంపూతో రుద్దితే చర్మం మీది సహజమైన నూనె పోతుంది. మామూలు రోజుల్లో పని అయ్యాక మంచినీళ్లు పోస్తే సరిపోతుంది. గుర్రం చెమటలో లాథరిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, అందుకే చెమట సబ్బు నురగలా తెల్లగా కనిపిస్తుంది. చెమట, ఉప్పు వెంట్రుకల్లో ఎండిపోతే దురద, ఒరుపు మొదలవుతాయి.

వేడెక్కిన గుర్రం మీద చల్లని నీళ్లు పోస్తే నరాలు పట్టేస్తాయని చాలా శాలల్లో ఇప్పటికీ భయపడతారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందు, ఆ వేడిలో, ఉక్కలో గుర్రాలను ఎలా కాపాడాలని గట్టిగా పరిశోధన జరిగింది. చల్లని నీళ్లు ఒళ్లంతా ధారాళంగా పోయడమే మంచిదని తేలింది. మే నెల ఎండలో పని చేసి వచ్చిన గుర్రం రొప్పుతుంటే నీడకు తెచ్చి, ఆగకుండా నీళ్లు పోయండి, తాగడానికి నీళ్లు ఇవ్వండి. చల్లబడ్డాక స్వెట్ స్క్రేపర్‌తో నీళ్లు తీసేయండి. కాళ్ల కింది భాగం, ముఖ్యంగా మడమ పైన మడతలు, గుడ్డతో అద్ది ఆరబెట్టండి. తడి నిలిచిన చోట చర్మం పగులుతుంది.

ఈగలు, పిడుదులు

చెవుల లోపల, జూలు కింద, తొడల సందులో, తోక కింద పిడుదులు వెతకండి. గుర్రాల్లో థైలీరియా, బబేసియా జ్వరాలు తెచ్చేవి ఇవే. రక్తం పీల్చే జోరీగల వల్ల సర్రా అనే రోగం వస్తుంది.

దీని గురించి గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. పశువులకు పిడుదుల మందుగా మన ఊళ్లలో అమిట్రాజ్ వాడతారు. దాన్ని గుర్రానికి వాడకూడదు. పేగుల కదలిక ఆగిపోయి ప్రాణం మీదకు వస్తుంది. గేదెకు పనిచేసింది కదా అని మిగిలిన సీసా గుర్రానికి కొట్టే ప్రమాదం నిజంగానే ఉంది. శాల గూట్లో ఆ సీసా కనిపిస్తే యజమానికి వివరంగా చెప్పి తీయించండి.

ముందుకాళ్ల వెంట్రుకలకు పసుపుపచ్చని నువ్వుగింజల్లా అతుక్కున్నవి బాట్ ఈగ గుడ్లు. గుర్రం నాకినప్పుడు పొదిగి, నోటి గుండా పొట్టలోకి చేరతాయి. మొండి కత్తితో గీకి తీసేయండి, గీకినవాటిని శాలలో రాల్చకండి.

సామాను, అంటువ్యాధులు

ఇంటర్న్‌షిప్ రోజుల్లో నేను చేసిన తప్పు చెప్తాను. ఒక గుర్రం మెడ మీద రూపాయి బిళ్లంత చోట వెంట్రుకలు ఊడి ఉన్నాయి. ఒరిసి ఉంటుందిలే అనుకుని అదే బ్రష్షుతో పక్కన రెండు గుర్రాలకూ చేశాను. కొన్ని రోజులకు మూడింటికీ తామర. నా ముంజేతి మీద కూడా గుండ్రని మచ్చ వచ్చింది. నయం చేయడానికి వారాలు పట్టింది, అంతకాలం వాటిని వేరుగా ఉంచాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి గుర్రానికొక సెట్టు, దాని మీద పేరు. బ్రష్షులు, జీను కింది గుడ్డ, బకెట్, స్పాంజి ఏవీ మారకూడదు. స్ట్రాంగిల్స్ అనే గొంతు గడ్డల వ్యాధి కూడా బకెట్ల ద్వారా శాలంతా పాకుతుంది. వారానికొకసారి బ్రష్షులను సబ్బునీళ్లలో కడిగి, క్రిమిసంహారకంలో ముంచి, ఎండలో ఆరబెట్టండి.

ముక్కు నుంచి జిగురుగా చీమిడి, కాళ్ల లోపలి వైపు వరుసగా గడ్డలు లేచి పగిలి పుండ్లవడం, జ్వరం, చిక్కిపోవడం, ఇవి కలిసి కనిపిస్తే వెంటనే బ్రష్షు కింద పెట్టండి. అది గ్లాండర్స్ కావచ్చు. బర్ఖోల్డేరియా మల్లీ అనే ఈ బ్యాక్టీరియా మనుషులకూ అంటుతుంది, ప్రాణాలు తీస్తుంది. 1899లోనే దీనికోసం ప్రత్యేక చట్టం చేశారు. ఇప్పుడు జంతువుల అంటువ్యాధుల నివారణకు చేసిన 2009 చట్టం కింద ప్రభుత్వ పశుసంవర్ధక శాఖకు చెప్పి తీరాలి. రక్త నమూనాల పరీక్షకు హిసార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది. మీ పని ఆ గుర్రాన్ని వేరు చేయించడం, సైసులను దూరంగా ఉంచడం, ఎవరి చేతులకు పుండ్లు ఉన్నాయో కనుక్కోవడం. గ్లవ్స్, మాస్కు లేకుండా మళ్లీ దగ్గరకు వెళ్లకండి. జీవనాధారం పోతుందనే భయంతో యజమాని దాచాలని చూడవచ్చు. కోప్పడకండి, అతని పిల్లలు ఆ శాల పక్కనే పడుకుంటారని గుర్తుచేయండి.

పడక

గుర్రం ఒక రోజుకు లద్దె, మూత్రం కలిపి 20 కిలోలకు పైగా వదులుతుంది. వరిగడ్డి పరిచినా, రంపపు పొట్టు పోసినా లద్దె రోజుకు రెండు మూడుసార్లు తీయాలి, తడిసినది రోజూ పూర్తిగా మార్చాలి. నిలబడి వాసన చూస్తే తెలియదు. గుర్రం పడుకున్నప్పుడు ముక్కు ఉండే ఎత్తుకు వంగి పీల్చండి. కళ్లు మండితే అమోనియా ఎక్కువైందని అర్థం, దాని ఊపిరితిత్తులు రాత్రంతా అదే పీలుస్తున్నాయి. నీళ్ల తొట్టిని రోజూ బ్రష్షుతో తోమి కడగండి. రోజుకు 25 నుంచి 45 లీటర్లు, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ తాగుతుంది. పాచి వాసన వస్తే తాగడం తగ్గిస్తుంది.

చివరగా రాయాల్సింది

చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాక, శాల వదలకముందే నోటు పుస్తకం తీయండి. "బాగుంది" అని రాయకండి. ఇలా రాయండి: "ఉదయం 6:30. ఊపిరి 12, నాడి 36, ఉష్ణోగ్రత 100.2. లద్దె రాత్రి 4 సార్లు, మామూలు గట్టిదనం. ఎడమ ముందుగిట్ట, లోపలి గాడిలో కొద్దిగా నలుపు, వాసన ఉంది, నొక్కితే నొప్పి లేదు. కుడి పక్క జీను పట్టీ చోట వేలెడు వెడల్పున వెంట్రుక ఒరిసింది. నాలుగు గిట్టల్లోనూ నాడి దొరకలేదు." రేపు పొద్దున అదే గుర్రం దగ్గరకు వెళ్లినప్పుడు ముందు ఈ పేజీ చదివి, ఆ ఎడమ గిట్ట నుంచే మొదలుపెట్టండి.